లావుదారం లాప్‌టాప్

ఇంటికో లాప్‌టాప్ కాదు, వీధికి ఒకటి ఉంటే గొప్ప అనుకునే రోజులవి. ఉన్నవాళ్ళు దాన్ని మంచం మీద పడుకోబెట్టి, దుమ్ము పడకుండా పైన తువ్వాలు కప్పేవారు. ఇప్పటి పిల్లలు అదే వస్తువును పరీక్ష అట్టలా చంకలో పెట్టుకుని తిరుగుతుంటే నాకు ముచ్చటగానూ ఉంటుంది, కాస్త కుళ్ళుగానూ ఉంటుంది. నా పైచదువంతా ఒక లాప్‌టాప్‌ను మోయడంలోనే గడిచింది మరి. (అందులో చదివింది తక్కువ. ఆ సంగతి మా పెద్దమ్మకు ఇప్పటికీ తెలియదు. ఇది ఆవిడ చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.)

నన్ను పెంచింది మా పెద్దమ్మే. నరసాపురం చివర మా పేటలో ఆవిడ లేసు వ్యాపారం చేసేది. వ్యాపారం అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. పేటలో ఆడవాళ్ళకు దారం ఇవ్వడం, వాళ్ళు అల్లిన లేసు తీసుకుని షావుకార్లకు పంపడం, అంతే. దారం ఇచ్చేటప్పుడు కాటా మీద పెట్టేది, లేసు తెచ్చినప్పుడు మళ్ళీ కాటా మీద పెట్టేది. రెండు బరువులూ సరిపోతే "కూర్చోమ్మా, టీ తాగి వెళ్దువుగాని" అనేది. తగ్గితే టీ ఉండేది కాదు. "మిగతా దారం ఏమైందమ్మా?" అని ఒకే ప్రశ్న, అదీ ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు జడిసి పేటలో ఎవరూ మూరెడు దారం కూడా దాచుకునేవారు కాదు. ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉండడం వల్ల, తేలిగ్గా ఉన్న వస్తువు ఏదైనా సరే, అందులోంచి ఎవరో కొంత కొట్టేశారని ఆవిడకు గట్టి నమ్మకం ఏర్పడిపోయింది. బిస్కెట్ ప్యాకెట్‌ను కూడా అరచేతిలో రెండుసార్లు ఆడించి చూసి గానీ కొనేది కాదు.

బీకాం అయ్యాక భీమవరంలో ఎంబీఏ చదువుతానన్నాను. పెద్దమ్మ ఆలోచించి, ప్రార్థన చేసుకుని, చివరికి ఒప్పుకుంది. "చదువుకో. నేనేం కాదన్ను. కానీ లేసు పనిలో నువ్వు నాకు సాయం ఉండాలి. ఏ రోజైతే నీ చదువు మన పనికి అడ్డం వచ్చిందో, ఆ రోజుతో కాలేజీ మానేసి ఇంట్లో కూర్చోవాలి. సరేనా?" అంది. సరే అన్నాను. ఆ వయసులో దేనికైనా సరే అనేస్తాం కదా.

కాలేజీలో లాప్‌టాప్ ఉండాలన్నారు. ఇక్కడ షావుకార్లు కూడా లేసు డిజైన్ల ఫోటోలు కంప్యూటర్లో పంపమని అడగడం మొదలుపెట్టారు. రెండింటికీ కలిపి ఒకటి కొందామని తేలింది. నేను తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడిగి ర్యామ్, ప్రాసెసర్, బ్యాటరీ అంటూ అర్థం తెలియని మాటలన్నీ కంఠతా పట్టాను. అర్థం తెలిసిన మాట ఒక్కటే, అది తేలిగ్గా ఉండాలి. రోజూ పొద్దున్న పాసింజరు బండిలో నిలబడి భీమవరం వెళ్ళి, సాయంత్రం అదే బండిలో నిలబడి వచ్చేదాన్ని నేను.

భీమవరంలో షాపాయన మంచి మాటకారి. రెండు లాప్‌టాప్‌లు మా ముందు పెట్టాడు. ఒకటి పలచగా, వెండి రంగులో మెరిసిపోతోంది. రెండోది నల్లగా, బండగా, పాత కుటుంబ బైబిలంత మందాన ఉంది. పెద్దమ్మ ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఇదెంతండీ?" అని పలచదాని ధర అడిగింది. చెప్పాడు. నల్లదాని ధర అడిగింది. అదీ చెప్పాడు. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఆ నల్లదాంట్లో సగం కూడా బరువు లేదిది. డబ్బులు చూస్తే దీనికే ఎక్కువ. మిగతాదంతా ఏం చేశారండి?"

షాపాయన జీవితంలో ఆ ప్రశ్న వినలేదనుకుంటాను. "ఏం చెయ్యలేదండి, కంపెనీవాళ్ళే అలా చేస్తారండి" అన్నాడు. "అదే నేనూ అనేది" అంది పెద్దమ్మ.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. (నా తెలివి మీద నాకున్న నమ్మకం ఆ రోజుతోనే పోయింది.) "పెద్దమ్మా, సన్నదారం లేసు తేలిగ్గా ఉంటుంది కదా. అయినా దానికే కూలి ఎక్కువిస్తావు. ఇదీ అంతే, పనితనం" అన్నాను. షాపాయన నన్ను మెచ్చుకోలుగా చూశాడు. పెద్దమ్మ కూడా ఆలోచనలో పడింది.

"నిజమేనే. సన్నదారం పని మంచిదే. అందుకే దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. రోజూ అన్నాలు తినే బల్ల మీద పరుస్తారా? వాడుకకి లావుదారమే. నువ్వు దీన్ని రోజూ వాడతావా, బీరువాలో పెడతావా?"

"రోజూ వాడతాను."

"మరింకేంటి?"

"అమ్మగారు కరెక్టుగా చెప్పారండి" అన్నాడు షాపాయన, ఉన్నట్టుండి మా పెద్దమ్మ పార్టీలోకి మారిపోతూ. ఆ నల్లది ఎన్నాళ్ళుగానో అమ్ముడుపోక అతని నెత్తిన కూర్చుందని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆదివారం దాన్ని మందిరానికి తీసుకెళ్ళాం. పాస్టరుగారు రెండు చేతుల్లో పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నా చదువు దగ్గరికొచ్చేసరికి చేతులు వణికాయి. వ్యాపారం దగ్గరికి రాకముందే బల్ల మీద పెట్టేసి మిగతాది కానిచ్చారు. అది చాలదన్నట్టు పెద్దమ్మ లావుదారంతో దానికొక కవరు అల్లింది. చుట్టూ కుచ్చులు, మధ్యలో నెమలి. ఆ కవరు బరువు, ఇటుకలాంటి ఛార్జరు బరువు కలుపుకుని రోజూ బండెక్కేదాన్ని. క్లాసులో నేను నెమలిని విప్పుతుంటే పాఠం ఆగిపోయేది. ఏడాది తిరిగేసరికి నా కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ఫోటో తీసేవాళ్ళు "కొంచెం సరిగ్గా నిలబడండి" అనేవారు. సరిగ్గానే నిలబడ్డానని వాళ్ళకెలా చెప్పను?

రెండో ఏడు నేను భయపడుతున్న రోజు రానే వచ్చింది. రాజమండ్రిలో ఒక షావుకారుగారు హోటళ్ళకు టేబుల్ క్లాతులు సప్లై చేస్తారు. డిజైన్లన్నీ పట్టుకుని ఫలానా రోజున రమ్మన్నారు. అదే రోజు కాలేజీలో నా వైవా. డిజైన్లన్నీ లాప్‌టాప్‌లో ఉన్నాయి, లాప్‌టాప్ తెరవడం వచ్చింది నాకొక్కదానికే. చదువు పనికి అడ్డం రానే వచ్చింది. పెద్దమ్మకు చెప్పి, కాలేజీ మానెయ్యమనే మాట కోసం తలొంచుకుని నిలబడ్డాను.

పెద్దమ్మ లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తర్వాత "అది ఎక్కడ నొక్కితే వెలుగుతుందో చూపించు. నువ్వు పరీక్షకెళ్ళు" అంది. నేను షరతు గుర్తు చెయ్యలేదు. ఆవిడా చెయ్యలేదు.

వైవా రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి, లాప్‌టాప్ మోసుకుని రాజమండ్రి వెళ్ళొచ్చిన పెద్దమ్మ మంచం మీద పడుకుని ఉంది. ఇల్లంతా నొప్పుల మందు వాసన. ఆర్డరు వచ్చిందట. లాప్‌టాప్ తెరవనే లేదట. సంచీలోంచి బయటికి తియ్యగానే షావుకారుగారు ఆ కవరును పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదే అల్లిక, ఇదే దారం, నెమలి ఒక్కటీ వద్దండి" అన్నారట. అంటే నేను రాత్రింబగళ్ళు కూర్చుని తీసిన ఫోటోలు ఒక్కటీ ఎవరూ చూడలేదన్నమాట. సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను.

"ఇంత బరువు ఇన్నాళ్ళూ ఎలా మోశావే?" అంది పెద్దమ్మ భుజం పట్టుకుని.

"తేలికది కొందామని షాపులోనే అన్నాను కదా పెద్దమ్మా."

"అన్నావు. బ్యాటరీ అన్నావు, ర్యామ్ అన్నావు, సన్నదారం అన్నావు. భుజం నెప్పి పుడుతుందని ఒక్కసారన్నా అన్నావా?"

నిజంగానే అనలేదు. అన్ని కారణాలు వెతికినదాన్ని, నొప్పి కూడా ఒక కారణమని నాకు తోచనేలేదు.

కొత్తది కొంటానంది. బాగా పనిచేస్తున్న వస్తువును మూలపడేయడం ఆవిడకెంత కష్టమో తెలుసు కనుక వద్దన్నాను. మర్నాటి నుంచి నాతో స్టేషను దాకా రావడం మొదలుపెట్టింది. సంచీ చెవి ఒకటి ఆవిడ పట్టుకునేది, ఒకటి నేను. చీకటితోనే అలా నడుస్తూ, ఎవరి చేతి అల్లిక బిగువుగా ఉంటుందో, ఏ షావుకారు మాట మీద నిలబడతాడో, ఆర్డర్లు లేకపోయినా ఎవరికి ఒక దారం ఉండ ఇచ్చి రావాలో చెబుతుండేది. ఎంబీఏలో చెప్పినవి చాలావరకు మర్చిపోయాను. ఆ దారిలో విన్నవే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నాయి.

ఇప్పుడు ఆ వ్యాపారం నేనే చూస్తున్నాను. నా దగ్గరున్నది బాగా తేలికైన లాప్‌టాప్, బ్యాగులో ఉందో లేదో తడుముకోవాలి. మొన్న పొద్దున్నే బండికి బయల్దేరుతుంటే, మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటలేని పెద్దమ్మ కుర్చీలోంచి లేవబోతూ బ్యాగు కోసం చెయ్యి చాపింది. "వద్దులే పెద్దమ్మా, దీనికసలు బరువే లేదు" అన్నాను. "అవునులే" అని మళ్ళీ కూర్చుంది. ఒక్కదాన్నే స్టేషనుకు నడిచాను. ఇలాంటి లాప్‌టాప్ కోసమే కదా ఆ షాపులో అంత వాదించింది ఆ పిచ్చిపిల్ల, అని నవ్వొచ్చింది. భుజం ఏమాత్రం నొప్పి పుట్టలేదు. దారే మునుపటికంటే పొడుగ్గా ఉంది.