మరియక్క చేతికి కట్టిన బ్యాండు

ఎనిమిదేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక భార్యకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను విజయవాడ దగ్గర ఒక కాలేజీలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. డిజైన్ ప్రాజెక్టని ఒక సబ్జెక్టు ఉండేది. నిజంగా ఏదో ఇబ్బంది పడుతున్న మనిషిని వెతికి, ఆ మనిషికి పనికొచ్చే వస్తువు మా చేతులతో తయారు చేయాలి. ముగ్గురం కలిసి ఇల్లిల్లూ అడుగుతూ తిరిగితే గుణదలలో మరియక్క దొరికింది. దొరికిందట! మాట ఎలా వచ్చిందో చూడండి.

పదేళ్ల వయసులో జ్వరం వచ్చి ఆమెకు చెవులు పోయాయి. మాట్లాడుతుంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. భర్త లారీ డ్రైవరు, హనుమాన్ జంక్షన్ దాటాడంటే నాలుగు రోజులకు గానీ రాడు. ఇంట్లో ఆమె, నాలుగు నెలల బిడ్డ. చీర ఉయ్యాలకు ఒక తాడు కట్టి, రెండో కొస తన కాలికి కట్టుకునేది. బిడ్డ కదిలితే తాడు లాగుతుంది. ఆ తాడు అందినంత దూరంలోనే వంటా, పడకా, అన్నీ.

మేం చేసింది ఉయ్యాల దగ్గర ఒక చిన్న మైకు, ఆమె చేతికి ఒక బ్యాండు. బిడ్డ ఏడిస్తే బ్యాండు అదరాలి. అదిరేది. ఫ్యాను తిరిగినా అదిరేది, కుక్కరు కూసినా అదిరేది. కాస్త తగ్గిస్తే బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా ఉలకదు పలకదు. వారం రోజులు తలలు బద్దలు కొట్టుకున్నాం. రివ్యూ ముంచుకొచ్చింది. చివరికి నొక్కితే బ్యాండు అదిరేలా విడిగా ఒక రిమోటు పెట్టాం. రివ్యూలో చూపించడానికి వీడియో తీస్తుంటే మాలో రవి అనేవాడు ఉయ్యాల వెనక నిలబడి, బిడ్డ ఏడవగానే జేబులో రిమోటు నొక్కాడు. ఆ ఉపాయం నాదే. రవిని ఏమీ అనకండి.

మరియక్క ఉలిక్కిపడి చెయ్యి చూసుకుంది, బిడ్డను చూసింది, కెమెరా ముందే బావురుమంది. వీడియో భలే వచ్చిందనుకున్నాను నేను. సిగ్గులేని వెధవని.

బ్యాండు తీసుకోబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడూ, ఇది నా దగ్గరే ఉంచుకోనా? బిడ్డ ఏడిస్తే నాకు తెలిసిద్ది కదా?"

నా పెదాలకేసే చూస్తోంది. గొణిగి తప్పించుకుందామన్నా కుదరదు.

"ఉంచుకో అక్కా. తెలిసిద్ది," అన్నాను. ఆమెకు అర్థమయ్యేలా నిదానంగా, స్పష్టంగా అన్నాను.

అక్కడికక్కడే వంగి కాలి తాడు విప్పేసింది.

ఎందుకన్నాను? జాలితోనా? ఆమె సంతోషం చెడగొట్టలేకనా? అలా అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది గానీ, రిమోటు సంగతి బయటపడితే మార్కులు పోతాయన్న భయమే నా చేత అలా అనిపించింది. "ఇంకా సరిగా పనిచేయట్లేదక్కా" అంటే సరిపోయేది. ఆ మాట అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ ఫారం మీద ఆమె సంతకం కోసం ఒక్కణ్ణే వెళ్లాను. సందు మొదట్లోనే బిడ్డ ఏడుపు వినపడింది. గుక్కతిప్పుకోకుండా ఏడుస్తోంది. గుమ్మం దాకా వెళ్లేసరికి పెరట్లో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని చూశాను. ఆ చప్పుడు ఆగలేదు. లోపలికెళ్తే నిజం చెప్పాలి. కాళ్లు కదలలేదు. కదిలాక వెనక్కి తిరిగాయి. సందు చివరిదాకా ఆ ఏడుపు వినపడుతూనే ఉంది.

సంతకం నేనే పెట్టేశాను. మాకే మొదటి బహుమతి వచ్చింది. ఉద్యోగానికి ఇంటర్వ్యూలోనూ ఈ ప్రాజెక్టు గురించే గొప్పగా చెప్పాను.

ఒకటి రెండు రోజుల్లో ఆమెకే తెలిసిపోయి ఉంటుంది, మళ్లీ తాడు కట్టుకుని ఉంటుంది, బిడ్డకేం కాదు, పిల్లలన్నాక ఏడవరా? ఇలా ఎన్నిసార్లు అనుకున్నానో. కనుక్కోవడానికి మాత్రం వెళ్లలేదు. ఏం వినాల్సి వస్తుందోనని.

ఇంత రాశాక కాస్త ఊపిరాడుతోంది. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ ఒక్కటి మిగిలిపోయింది. అదీ చెప్పేస్తాను. తలుపు కొట్టినా ఆమెకు వినపడదు కదా, నేను మాత్రం ఏం చేయగలనని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తలుపుకు గడియ లేదండీ. దగ్గరగా వేసి ఉంది, అంతే. తోస్తే తెరుచుకునేది.