స్వర్ణలత చెప్పిన సాక్ష్యం

రేపల్లెలో టీచరుగా పనిచేసే స్వర్ణలత వేసవి సెలవుల్లో గుంటూరు వెళ్లి, బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషను చేయించుకుంది. ఏడాది తిరిగేసరికి సగం మనిషయింది. చర్చిలో అందరూ ముక్కున వేలేసుకుంటే, నిజం చెప్పడానికి సిగ్గుపడి, "ఉపవాస ప్రార్థనండి, అంతా ప్రభువు కృప" అని నిలబడి సాక్ష్యం చెప్పింది.

మూడో ఏడు కొంత బరువు తిరిగివచ్చింది. అలా రావడం మామూలేనని, అందులో ఆమె తప్పేమీ లేదని డాక్టరు చెప్పాడు. చర్చికి ఆ సంగతి తెలియదు.

"ఏంటమ్మా స్వర్ణా, ప్రార్థన మానేసి బజ్జీల మీద పడ్డావా ఏంటి?" అంది ఓ ఆదివారం చర్చిలో పక్కింటి దానమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు. ఆ ఎగతాళిని స్వర్ణలత దిగమింగేదే. కానీ దానమ్మ లేవబోయి, కళ్లు తిరిగి బల్ల పట్టుకుంది.

"ఏం లేదులే. నీ సాక్ష్యం గుర్తొచ్చి ఈమధ్య నేనూ ఉపవాసాలు పట్టా."

దానమ్మకు షుగరు. మాత్రలు వేసుకుని తిండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్వర్ణలత ఆమెను పక్కకు తీసుకెళ్లి, పొట్టమీది మచ్చలు చూపించి, జరిగిందంతా చెప్పేసింది.

"ఉపవాసాలు మానెయ్యి పిన్నీ, నీ కాళ్లు పట్టుకుంటా."

"దేవుడు చేసిన మేలును డాక్టరు కత్తికి అంటగడతావా? అందుకే మళ్లీ ఒళ్లొచ్చింది నీకు" అంది దానమ్మ.

తరువాతి ఆదివారం దానమ్మ పీక్కుపోయిన మొహంతో లేచి, విశ్వాసంలో జారిపోయిన స్వర్ణలత కోసం ప్రార్థించమని సంఘాన్ని కోరింది. అందరూ తలలు వంచారు.  స్వర్ణలత కూడా తల వంచింది.