నవ్వుతున్న ఫోటో

కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి స్టేషన్ వెయిటింగ్ రూములో ఫ్యాను గాలి ఒక్క బెంచీకే తగులుతుంది. మిగతావాళ్లం దాని చప్పుడుతో సరిపెట్టుకోవాలి. ఆరోజు ఆ బెంచీ మీద మన తెలుగు ముసలామె ఒకామె కూర్చుని ఉంది. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. నేను కూర్చోగానే, నా ఒళ్లో ఉన్న ఫోటో ఫ్రేముకు చుట్టిన కాగితం ఆ గాలికి లేచిపోయింది.

నాన్న పెద్దకర్మనాడు దండ వేయడానికి కట్టించిన ఫోటో అది. అద్దం మీద ఆనాటి కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. ఆయన నవ్వుతున్నది ఇల్లంతా వెతికితే ఇదొక్కటే దొరికింది. మిగతావన్నీ గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నట్టే ఉన్నాయి. ఇందులో ఆయనకింకా పెళ్లి కాలేదు. రైల్వే యార్డులో, నూనె మరకల చొక్కాతో, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, కొడుకా బాబూ? పెళ్లి కూడా కానట్టుంది!"

"కొడుకు కాదమ్మా, మా నాన్న. తర్వాత పెళ్లయింది. నేనూ పుట్టాను."

"మరి ముసిలప్పటి ఫోటో లేదేటి?"

ఫోనులో చూపించాను. కొడుకులం, కోడళ్లు, మనవలు చుట్టూ నిలబడి ఉంటే, మధ్యలో కుర్చీలో నాన్న.

"ఆయన మొదట్నుంచీ గంభీరమైన మనిషమ్మా," అన్నాను. ఇంట్లో అందరం చెప్పుకునే మాటే అది.

ఆమె ఫోను వైపు చూసింది. ఫ్రేము వైపు చూసింది. కాగితాన్ని తనే జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చింది.

"ఇంత నవ్వు మొకం మనిషిని ఏటి సేసీసినారు బాబూ, మీరందరూ?"