దారికి అడ్డంగా నారు కట్ట

మెమ్చా మణిపూర్‌లో పుట్టింది. కాపురం హంసలదీవి దగ్గర. బెంగళూరులో ఏసీలు బాగుచేసే హేమంత్‌ను పెళ్ళాడి, లాక్‌డౌన్ ఏడాది అతనితో పాటు అతని ఊరు వచ్చింది.

వచ్చిన వారంలోనే ఊరు ఆమెకు చైనా పిల్ల అని పేరు పెట్టింది. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉండేది. కొట్టతను సరుకుల సంచిని కర్రతో ఆమె వైపు నెట్టేవాడు. ఒకరోజు అత్తగారు వెంకటరత్నమ్మ ఆమె వెంట వెళ్ళింది. సంచితో పాటు కర్రనూ తీసుకుని ఇంటికొచ్చింది. ఆ కర్ర ఇప్పటికీ పెరట్లో బీరపాదును మోస్తోంది.

మొదట్లో మెమ్చా కొండల కోసం చూసేది. ఇక్కడ ఎటు చూసినా ఆకాశం నేల దాకా దిగి ఉంటుంది. ఒకనాడు పంటకాలువ ఒడ్డున తూటికూర కనిపించింది. వాళ్ళ ఊరి సరస్సులోనూ అదే కూర. ఒడినిండా కోసుకొస్తుంటే గేదెల మేత తింటోందని జనం నవ్వారు. వెంకటరత్నమ్మ దాన్ని పప్పులో వేసింది. రెండు ముద్దలు ఎక్కువ తిని, తన తల్లి కూడా వండేదని చెప్పింది. మర్నాటి నుంచి కాలువకు ఇద్దరూ వెళ్ళేవారు. ఆ గట్ల మీదే మెమ్చాకు తెలుగు వచ్చింది. ముందు పిట్టల పేర్లు, తర్వాత ఆకుకూరలు, చివరికి తిట్లు.

వెంకటరత్నమ్మది నాట్ల ముఠా. పద్నాలుగు మంది ఆడవాళ్ళు. మొదటి ఏడు వరుసలో మెమ్చా పక్కన నిలబడటానికి ఎవరూ రాలేదు. ఒక పక్క అత్త, ఒక పక్క గట్టు. రెండో ఏడు ముఠాలోని జెనిఫర్ వచ్చి నిలబడింది. మెమ్చా చేతివేగానికి పక్కనున్న వాళ్ళ పని తగ్గుతుందని, అందుకే వచ్చానని తనే చెప్పి నవ్వింది.

ఈ ఏడు శివారు కాలువకు నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. అందరి చేలూ ఒక్కసారే దమ్ముకూ నాట్లకూ వచ్చాయి. నాలుగెకరాల ఆసామి నరసింహం గారు ముఠాకు కబురు పంపారు. అందరూ రావాలి, చైనా పిల్ల తప్ప. మనది కాని చెయ్యి తన చేలో పడకూడదట.

వెంకటరత్నమ్మ కోడలిని వెంటబెట్టుకునే వెళ్ళింది. నరసింహం గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. మెమ్చాను చూసి మొహం తిప్పుకున్నారు. ఆమె వెనక్కి తిరిగింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఈ పిల్ల దిగకపోతే నేనూ దిగనండి.”

మిగతా పన్నెండు మందీ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ కూలి అందరికీ కావాలి. మెమ్చా తల ఎత్తలేదు. జెనిఫర్ గట్టు మీద చతికిలబడి క్యారేజీ మూత తీసింది. పొద్దున్నే అన్నమేమిటని ఎవరో అడిగితే, పని లేనప్పుడు తినడమేగా అంది. ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

నారు నిన్ననే పీకించారు. కట్టలు ఎండలో వాడుతున్నాయి. నరసింహం గారు కట్టల వంక, ఆడవాళ్ళ వంక చూశారు. దిగమన్నారు. ఆ పిల్ల వేసింది వంకర పోతే పీకించి మళ్ళీ వేయిస్తానన్నారు.

బురద మెమ్చా పిక్కలను పట్టుకుంది. పుట్టింటి పొలంలోనూ ఇదే బురద. అమ్మ పక్కన వంగి నాటినప్పుడు కాళ్ళకు తెలిసిన మెత్తదనమే. కొంగలు వెనకే నడుస్తున్నాయి.

మధ్యాహ్నానికి సగం చేను పచ్చబడింది. నరసింహం గారు గట్టు వెంట వచ్చి, ఆ పిల్ల వేసింది ఎక్కడని అడిగారు. అందరూ వంగి నాటుతూనే ఉన్నారు. ఆయన చాలాసేపు చూసి, ఒక వంకర వరసకు వేలు చూపారు.

“అది నాదండి,” అంది వెంకటరత్నమ్మ. “ముప్పై ఏళ్ళుగా మీ చేలో అలాగే వేస్తున్నాను. ఇవాళే చూశారు.”

చేనంతా నవ్వింది. ఆయన మీసం కింద నవ్వు దాచుకుని వెళ్ళబోయారు.

నాట్ల రోజున గట్టు మీదకొచ్చిన వాళ్ళ కాళ్ళ ముందు ముఠా నారు కట్ట పెడుతుంది. ఏదైనా ఇప్పిస్తామంటే గానీ దాన్ని దాటకూడదు. కట్ట పెట్టేది ముఠా మనిషే. జెనిఫర్ ఒక కట్ట తీసి మెమ్చా చేతిలో పెట్టింది.

“వెళ్ళు వదినా. తక్కువ అడిగావంటే ఇంటికి రానివ్వం.”

మెమ్చా బురదకాళ్ళతో గట్టెక్కి, ఆయన చెప్పుల ముందు కట్ట పెట్టింది. నరసింహం గారు ఆగిపోయారు.

“ఏం కావాలి?” అని ఆమెనే అడిగారు.

“పునుగులండీ. వేడివి. పద్నాలుగు మందికి.”

చట్నీ, అని వెనక నుంచి ఎవరో అందించారు.

“చట్నీ కూడానండీ.”

ఆయన వంగి కట్ట తీసి ఆమె చేతికిచ్చారు. మీ వైపూ వరేనా అని అడిగారు. వరేనండీ, కాకపోతే చుట్టూ కొండలుంటాయంది మెమ్చా. ఆయన తల ఊపి బండి తీశారు.

గంటలో పునుగులు వచ్చాయి. మొదటిది మెమ్చా అత్తగారి నోట్లో పెట్టింది. తిన్నాక అందరూ మళ్ళీ చేలో దిగారు. మెమ్చాకు ఒక పక్క జెనిఫర్ నిలబడింది. రెండో పక్క చోటు కోసం ఇద్దరు తోసుకున్నారు. వెంకటరత్నమ్మ వాళ్ళను చూసి తన చోటు వదిలి గట్టు వైపుకి జరిగింది.