కుర్చీ కింద పేరు

ఇక్కడ, ఈ పరాయి దేశపు ఊరు రోటోటూనాలో మా అల్లుడు గరాజ్‌లో కుర్చీకి వార్నిష్ పూస్తుంటే, ఆ వాసనకి అమ్మమ్మ గుర్తొచ్చింది.

రెండు ప్రపంచ యుద్ధాలకీ నడుమ రోజుల్లో, ఆడవాళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికని వెడల్పాటి కుర్చీ నమూనా గీసిందావిడ. తాతయ్య కార్ఖానాలో చేయించి అమ్మేవారు. "అది గీసింది మా అమ్మమ్మే" అని నేను బడంతా చాటాను.

ఒకరోజు దాగుడుమూతలాడుతూ ఆ కుర్చీ కిందికి దూరితే, అక్కడ తాతయ్య పేరు చెక్కి ఉంది.

"నాకు అబద్ధం చెప్పావు అమ్మమ్మా."

"ఆడదాని పేరుంటే ఎవరూ కొనరన్నారే మీ తాతయ్య. గీసింది మాత్రం నేనే తల్లీ."

నేను నమ్మలేదు. మర్నాడు బళ్ళో, గీసింది తాతయ్యేనని అందరికీ చెప్పొచ్చాను. ఆ సంగతి విని అమ్మమ్మ ఎప్పటిలాగే నా జడ అల్లింది.

మోసపోయింది నేనేననుకున్నాను అప్పుడు. ఆ కుర్చీకి ఆవిడ పేరు చెప్పిన నోరు ఊరంతట్లో నాదొక్కటే.