పళ్ళ మధ్య రిబ్బను

హాస్టల్లో ఆ పెద్దపిల్లని అందరూ మూగమ్మ అంటారు. కొండపిల్లలు తమ భాషలో ఒక్క మాటన్నా వార్డెనమ్మ బెత్తం అందుకుంటుంది కాబట్టి, మూగమ్మ అసలు నోరే విప్పదు. పొద్దున్నే చిన్నపిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుని, రిబ్బను పళ్ళ మధ్య బిగించి జడలు వేస్తుంది. అమ్మ కావాలని ఏడ్చే పిల్లలు ఆ చేతి కిందకి రాగానే ఇట్టే ఊరుకుంటారు. పక్కన అంట్లు తోముకునే ఆయాకి ఆ కిటుకేమిటో అంతుపట్టదు.

ఆ రోజు కొత్తగా చేరిన పసిదాని వంతు. పలకడానికి తమకి నోరు తిరగట్లేదని బడివాళ్ళు దాని పేరు మార్చేశారు. కొత్త పేరుతో ఎంత పిలిచినా అది తల తిప్పట్లేదు.

"ఈ మూగమ్మని చూసి నేర్చుకో, ఎంత బుద్ధిమంతురాలో!" అంది వార్డెనమ్మ ఎదురుగా నిలబడి.

మూగమ్మ జడ అల్లుతూనే ఉంది. రిబ్బను కొస మాత్రం సన్నగా వణికింది. పసిది చివ్వున తలెత్తి నవ్వింది.

వార్డెనమ్మ అటు వెళ్ళగానే ఆయా గొంతు తగ్గించి, "ఏం మంత్రం వేశావే తల్లీ?" అంది.

పెదవి కదలకుండా, రిబ్బను వెనకనుంచి జవాబొచ్చింది. "వాళ్ళమ్మ పెట్టిన పేరుతో పిలిచానాయమ్మా. అందరి పేర్లూ నా దగ్గరున్నాయి."

ఆయా చేతిలో గిన్నె కింద పెట్టింది. "మరి నీ పేరేంటమ్మా?" అంది.

మూగమ్మ రిబ్బను నోట్లోంచి తీసి, తన పేరు పైకే చెప్పింది.