గోడలోంచి వచ్చిన ఎండ

గదిలోకి ఏటవాలుగా ఓ కిరణం పడితే తప్ప మా ఎండ బాబాయికి బొమ్మ పూర్తయినట్టు కాదు. ఆ గదికి కిటికీ ఉందా లేదా అన్నది ఆయన దృష్టిలో చిల్లర విషయం.

మేమిద్దరం ఒకే ఆర్కిటెక్టు ఆఫీసులో పనిచేశాం. నేను ప్లాన్లు గీసేదాన్ని. కట్టబోయే భవనం రేపు ఎలా ఉంటుందో కంప్యూటర్లో ఇవాళే ఫోటోలా తయారుచేసి క్లయింటును మురిపించడం ఆయన పని. అసలు పేరేదో ఉండేది గానీ జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

హాల్లో కిరణం, మెట్ల మీద కిరణం, లిఫ్టులో కిరణం. ఒకసారి నేల కింది కార్ పార్కింగులో, మూలనున్న కారు మీద ఎంత భక్తిగా కిరణం వేశాడంటే, ఆ కారు తపస్సు ఫలించిందనుకున్నాం.

"బాబాయ్, నేలమాళిగలో ఎండేమిటి?"

"నీకెందుకమ్మా అంత కుళ్లు? కార్లు మనుషులు కావా?"

"కావు. పైగా అది ఉత్తరపు గోడ. సూర్యుడు అటు రాడు."

"ఎప్పుడైనా పిలిచారా మీరు? పిలవని చోటికి ఎలా వస్తాడు?"

కిరణం కంటికి కనబడాలంటే గాలిలో కాస్త దుమ్ముండాలి. కాబట్టి ఎండ తర్వాత ఆయనకు అంత ఇష్టమైనది దుమ్ము. పాలరాయి పరిచిన హాల్లో పక్కనే పిండిమర ఆడుతున్నట్టు లేపేవాడు. "ఇల్లు ఊడ్చినట్టు లేదే?" అని ఓ క్లయింటు అడిగితే, "ఇంకా కట్టలేదండీ" అని మా బాస్ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంట్లోనూ ఇదే వరస. "పొద్దున్నే చీపురు పట్టానంటే సంబరం," అనేది పిన్ని. "కాఫీ పుచ్చుకుని సినిమాకొచ్చినట్టు కూర్చుంటారు. అదే తడిగుడ్డ పట్టానా, ఇక యుద్ధమే! ఆ తేలే దుమ్ము చూస్తూ ఆయనా, తుమ్ముతూ నేనూ. అదీ మా కాపురం."

ఇంతలో మాకు ఓ ఆస్పత్రి కట్టే పని వచ్చింది. బాస్ బాబాయిని అందరి ముందూ నిలబెట్టాడు.

"క్లయింటు డాక్టరుగారు. దుమ్మంటే ఆవిడకు పడదు. కిటికీ లేనిచోట ఒక్క కిరణం కనబడిందో, నువ్వు వేరే ఉద్యోగం చూసుకో."

బాబాయి కూతురి చదువు ఇంకా పూర్తికాలేదు. ఆయన వయసులో మరో ఆఫీసు పిలిచి కుర్చీ వేయదు. "సరేనండీ," అన్నాడు బాబాయి బుద్ధిగా. ఆ బుద్ధి చూసే మాకు భయం పట్టుకుంది.

బొమ్మలు చూపించే రోజు వచ్చింది. గేటు, రిసెప్షను, వార్డులు, ఆపరేషన్ థియేటరు: అన్నీ తోమిన గిన్నెల్లా తళతళలాడుతున్నాయి. దుమ్ము లేదు, కిరణం లేదు. బాస్ మీసం సర్దుకున్నాడు. అప్పుడు, ఎవరూ అడగని ఆఖరి బొమ్మ తెర మీదికొచ్చింది.

వార్డుల వెనకాల దుప్పట్లు మడిచే గది. నా ప్లానులో అది నాలుగు గోడల డబ్బా. అలాంటి గదులకు ఎవరూ బొమ్మలు వేయించరు. బాబాయి బొమ్మలో ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని దుప్పటి దులుపుతున్నారు. వాళ్ల మధ్యకు, గోడను చీల్చుకుని, ఇంత లావు కిరణం! అందులో నూలు నూగు తేలుతోంది.

బాస్ బాబాయిని చూశాడు. బాబాయి ఫ్యాను చూశాడు.

డాక్టరుగారు లేచి తెర దగ్గరికి వెళ్లింది. "ఎక్కడిదండీ ఈ గది?"

"వెనకాలదండీ. పెద్ద ముఖ్యమైంది కాదు," అన్నాడు బాస్.

"అన్నిటికంటే ఇదే బాగుంది. ఈ ఎండ ఏ కిటికీలోంచి వస్తోంది?"

బాస్ చెయ్యి మళ్లీ మీసం మీదికెళ్లింది.

"కిటికీ... ఇంకా ప్లానులోకి ఎక్కలేదండీ," అన్నాడు.

"ఎక్కించండి మరి. పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాళ్లు కదా. నాకు అచ్చం ఇలాగే కావాలి."

ఆవిడ వెళ్లాక బాస్, "ఈసారికి వదిలేస్తున్నా," అని మాత్రం అన్నాడు.

ఆ కిటికీ గీస్తూంటే ఒకటొకటిగా గుర్తొచ్చాయి: మెట్ల కింది వాచ్‌మన్ గది, హాస్టలు వంటిల్లు. వాటికీ ఇలాగే, క్లయింటు బొమ్మను చూసి ముచ్చటపడ్డాకే కిటికీలు వచ్చాయి. తిన్నగా బాబాయి సీటు దగ్గరికెళ్లాను.

"బాబాయ్, నీది పిచ్చి కాదు, కుట్ర!"

"మెల్లిగా! బాస్ వింటాడు."

"నేరుగా అడగొచ్చుగా?"

"మొదట్లో అడిగాను. అక్కడెవరుంటారయ్యా, కిటికీ దండగ అన్నారు."

"మరి లిఫ్టులో ఎందుకు వేశావ్?"

"వంటిళ్లకే వేస్తే పట్టేసుకోరూ? అంతటా వేస్తే, పిచ్చోడులే అని ఊరుకుంటారు."

"ఆ కారు సంగతో?"

బాబాయి కాస్త సిగ్గుపడ్డాడు. "ఆ కారు మీద నాకు నిజంగానే మనసైందమ్మా."

తర్వాత మా ఆఫీసునే కొత్త భవనంలోకి మార్చాలనుకున్నాం. ఆ బొమ్మలూ బాబాయే వేశాడు. కొత్త ప్లానులోనూ బాస్ గది నడిమధ్యన, పగలు కూడా ట్యూబులైటు వెలిగే చోటే ఉంది. బొమ్మలో మాత్రం దాని గోడ చీల్చుకుని ఓ కిరణం వచ్చి సరిగ్గా బాస్ బట్టతల మీద పడింది.

బాబాయి పని అయిపోయిందనుకున్నాను. బాస్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"నా గదిని బయటి గోడ వైపుకి జరపడం కుదురుతుందా?"

"కుదురుతుందండీ."

"జరపండి. ఆయనకు మాత్రం చెప్పకండి," అన్నాడు గొంతు తగ్గించి. "తెలిస్తే మళ్లీ లిఫ్టులో మొదలెడతాడు."